లెక్క తప్పకూడదు: ఆపరేషనుకు ముందు, జరిగేటప్పుడు, తరువాత రోగి భద్రతను ఎలా కొలుస్తాం?

– నర్సింగ్ సూపరింటెండెంట్



"ఆపరేషన్ బాగా జరిగిందా, సిస్టర్?" థియేటర్ తలుపు తెరుచుకోగానే బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా లేచి అడిగే మొదటి మాట ఇది. "బాగానే జరిగిందమ్మా, దేవుని దయ" అని మేము చెబుతాం. ఆ జవాబు అబద్ధం కాదు. కానీ అది సగం జవాబే. ఆపరేషన్ బాగా జరిగిందో లేదో థియేటర్ తలుపు దగ్గర పూర్తిగా తెలియదు. అందులో కొంత ముందురోజే నిర్ణయమైపోతుంది. కొంత ఆ రాత్రి వార్డులో తెలుస్తుంది. మిగిలింది మీ ఇంట్లో, ముప్పైవ రోజుకు గాని తెలియదు.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని వంద గొర్రెల కాపరి మనందరికీ తెలిసినవాడే. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెతుకుతూ వెళ్ళాడని ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే ఒకటి తక్కువైందని అతనికి ఎలా తెలిసింది? లెక్కపెట్టాడు కాబట్టే కదా! లెక్కపెట్టని కాపరికి మంద ఎప్పుడూ నిండుగానే కనబడుతుంది. ఆసుపత్రికి కూడా ఇదే వర్తిస్తుంది. ప్రేమ ఉన్నచోట లెక్క ఉండాలి. ఈ నెల పాఠం ఆ లెక్కల గురించే.

కొలవడం అంటే ఏమిటి?

ఆసుపత్రి సేవ ఎంత బాగుందో తెలుసుకోవాలంటే మూడు వైపుల నుండి చూడాలని 1966లో అవెడిస్ డొనబేడియన్ అనే వైద్యుడు రాశాడు. మొదటిది ఏర్పాట్లు: థియేటర్, ఆక్సిజన్, శిక్షణ పొందిన నర్సులు, కరెంటు పోతే జనరేటర్. రెండవది పని: చేయవలసినది చేయవలసిన సమయానికి చేశారా? మూడవది ఫలితం: రోగి కోలుకున్నాడా, గాయం మానిందా, తిరిగి పనికి వెళ్ళాడా? మన వంటింటి మాటల్లో చెప్పాలంటే, పొయ్యి, గిన్నెలు ఉండటం ఒకటి. శుభ్రంగా వండటం ఒకటి. తిన్నవారికి అరిగి బలం పట్టడం మరొకటి. మూడూ చూస్తేనే వంట ఎలా ఉందో తెలుస్తుంది.

లెక్కలతో ప్రాణాలు కాపాడవచ్చని మా నర్సులకు నేర్పినది మా వృత్తికి తల్లివంటి ఫ్లారెన్స్ నైటింగేల్. 1854లో క్రిమియా యుద్ధ ఆసుపత్రికి వెళ్ళిన ఆమె దీపం పట్టుకుని తిరిగిందని అందరికీ తెలుసు. చనిపోయిన సైనికుల లెక్కలు రాసిపెట్టి, గాయాలకన్నా ఎక్కువమందిని రోగాలే చంపుతున్నాయని పటాలు గీసి చూపించిందని తక్కువమందికి తెలుసు. ఆమె ఒక చేతిలో దీపం ఉంటే రెండవ చేతిలో లెక్కల పుస్తకం ఉంది.

ఆపరేషనుకు ముందు

ఆపరేషన్ నిర్ణయమైన రోజునుండే కొలతలు మొదలవుతాయి. బరువు, బి.పి., నాడి, షుగర్, హిమోగ్లోబిన్ చూస్తాం. మన ఆడవాళ్ళలో రక్తం తక్కువగా ఉండటం చాలా ఎక్కువ. అత్యవసరం కాని ఆపరేషన్ అయితే, ముందు రక్తం పెరగడానికి మందులిచ్చి, కొన్ని వారాలు ఆగి చేయడమే క్షేమం. "ఇంత దూరం వచ్చాం, వెనక్కి పంపిస్తారా?" అని కోపగించుకోకండి. ఆ వాయిదా కూడా చికిత్సే.

మత్తు డాక్టరు వచ్చి గుండె, ఊపిరితిత్తులు, పాత జబ్బులు అడిగి, రోగి ఆరోగ్య పరిస్థితికి 1 నుండి 5 వరకు ఒక గ్రేడు వేస్తారు. 1 అంటే వేరే జబ్బేమీ లేని మనిషి. అంకె పెరిగేకొద్దీ జాగ్రత్త పెరగాలి. ఈ గ్రేడు సరిగ్గా రావాలంటే మీరు నిజం చెప్పాలి. బీడీ, గుట్కా, సారా, నాటు మందులు, గుండెకు వాడే రక్తం పలచబడే మాత్రలు – ఇవేవీ దాచకండి. మేము తీర్పు తీర్చడానికి అడగడం లేదు. పాస్టరు గారు పక్కన ఉన్నారని సిగ్గుపడితే, ఆయన వెళ్ళాక చెప్పండి. పొగతాగేవారు ఆపరేషనుకు కనీసం 4 వారాల ముందు మానేస్తే ఊపిరితిత్తులకు, గాయం మానడానికి రెండింటికీ మేలు.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయే లెక్క, ఆహారం లెక్క. మామూలుగా ఇడ్లీ వంటి తేలికపాటి ఆహారం తిన్న తరువాత 6 గంటలు, నూనె పదార్థాలు, మాంసం తింటే 8 గంటలు, తల్లిపాలు తాగిన బిడ్డకు 4 గంటలు వ్యవధి ఉండాలి. మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. మీకు మత్తు డాక్టరు వేరే సమయం చెబితే దానినే పాటించాలి. ఒకసారి ఒక పెద్దమ్మ, "నేనేమీ తినలేదు సిస్టరమ్మా, కాఫీ మాత్రమే తాగాను. కాఫీ తిండి ఎలా అవుతుంది?" అంది. పాలు పోసిన కాఫీ తిండే అవుతుంది. మత్తులో ఉన్న మనిషికి కడుపులోనిది పైకి తన్ని ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణానికే ముప్పు. ఆ పెద్దమ్మ దాచకుండా చెప్పింది కాబట్టి ఆపరేషన్ మధ్యాహ్నానికి మార్చాం. ఆమె చెప్పిన ఆ ఒక్క మాట ఆరోజు మా యంత్రాలన్నిటికన్నా విలువైనది.

ఇంకొక సంగతి. ఆపరేషన్ చోట వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీసుకుని రాకండి. కంటికి కనబడని చిన్న కోతలలో క్రిములు చేరతాయి. అవసరమైతే మేమే క్లిప్పర్‌తో కత్తిరిస్తాం. మీరు సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి వస్తే చాలు.

థియేటర్‌లో ఆగవలసిన మూడు చోట్లు

బస్సు బయలుదేరే ముందు కండక్టర్ తలలు లెక్కపెట్టినట్టు, థియేటర్‌లో మూడుసార్లు ఆగి సరిచూసుకునే పద్ధతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాలతో ఈ చెక్‌లిస్టును విడుదల చేసింది.

మొదటిసారి మత్తు ఇవ్వకముందు. రోగి పేరు, ఏ ఆపరేషన్, ఏ పక్క అన్నది రోగి నోటితోనే చెప్పిస్తాం. కోయవలసిన చోట గుర్తు ఉందా? ఒప్పుదల సంతకం ఉందా? మత్తు యంత్రం, మందులు సరిచూశారా? వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టారా? ఏ మందైనా పడదా? పెద్దవారికి అర లీటరుకన్నా ఎక్కువ రక్తం పోయే అవకాశం ఉంటే దానికి ఏర్పాటు ఉందా?

రెండవసారి కత్తి చర్మానికి తగలకముందు. అందరూ ఒక్క నిమిషం చేతులు ఆపుతారు. ఎవరెవరున్నారో, ఎవరి పని ఏమిటో పేరుతో చెప్పుకుంటారు. రోగి పేరు, ఆపరేషన్, చోటు మళ్ళీ పైకి చదువుతారు. చీము పట్టకుండా ఇచ్చే యాంటీబయాటిక్ గడచిన 60 నిమిషాలలో పడిందా అని అడుగుతారు.

మూడవసారి రోగిని థియేటర్ నుండి బయటకు తీసుకుపోకముందు. పరికరాలు, గాజ్ గుడ్డలు, సూదుల లెక్క సరిపోయిందా? పరీక్షకు పంపే ముక్క సీసా మీద రోగి పేరు రాశారా? వార్డులో ఈ రోగి గురించి ప్రత్యేకంగా ఏమి చూడాలి?

ఇందులో పెద్ద చదువు ఏముంది అనిపించవచ్చు. ఈ పద్ధతిని 2007, 2008 సంవత్సరాలలో ఎనిమిది దేశాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో ప్రయత్నించి చూశారు. అందులో మన దేశంనుండి పాల్గొన్నది ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రి. అది కూడా మనవంటి మిషన్ ఆసుపత్రే. అతుల్ గవాండే అనే సర్జను, ఆయన సహచరులు కలిసి 2009 జనవరిలో ఫలితాలు ప్రచురించారు. చెక్‌లిస్టు వాడకముందు నూటికి 1.5 మంది చనిపోగా, వాడిన తరువాత అది 0.8కి తగ్గింది. ఇతర ఇబ్బందులు వచ్చినవారు నూటికి 11 మంది నుండి 7కు తగ్గారు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఆగి, అడిగి, లెక్కపెట్టడమే.

టిక్కు పెడితే సరిపోతుందా?

సరిపోదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో అన్ని ఆసుపత్రులూ చెక్‌లిస్టు వాడాలని నియమం పెట్టారు. దాదాపు అందరూ వాడుతున్నామని రాశారు. కానీ 101 ఆసుపత్రుల లెక్కలు తీసి 2014లో చూస్తే, మరణాలు గాని ఇబ్బందులు గాని చెప్పుకోదగినంతగా తగ్గలేదు. దీనికి కారణాలపై పండితులు వాదించుకున్నారు. నాకు మాత్రం ఒక కారణం నా అనుభవం నుండే తెలుసు. కాగితం మీద టిక్కు వేరు, చేసిన పని వేరు.

ఈ మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాయడమే మంచిదనిపించింది.

నేను డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలవి. అది ఈ ఆసుపత్రి కాదు. ఒక తల్లికి పొట్ట ఆపరేషన్. మూసేముందు లెక్కపెడితే ఒక మాప్ తక్కువ వచ్చినట్టు అనిపించింది. అప్పటికే ఆలస్యమైంది. తరువాతి కేసు బయట ట్రాలీ మీద ఎదురుచూస్తోంది. "బకెట్‌లో పడి ఉంటుందిలే, నువ్వే తప్పు లెక్కపెట్టావు" అన్నారు ఒక సీనియర్. నేను నోరు మూసుకున్నాను. కేస్ షీట్‌లో "లెక్క సరిపోయింది" అని రాసి సంతకం పెట్టాను.

మూడు వారాలకు ఆ తల్లి జ్వరంతో, కడుపునొప్పితో తిరిగి వచ్చింది. మళ్ళీ పొట్ట తెరవవలసి వచ్చింది. ఆ మాప్ లోపలే ఉంది. దేవుని కృపవల్ల ఆమె బతికింది. ఏమి జరిగిందో పెద్దవాళ్ళు కుటుంబానికి చెప్పారు. కానీ ఆ సంతకం ఎవరిదో ఆమెకు తెలియదు. ఇంటికి వెళ్ళే రోజున నా చేయి పట్టుకుని, "బాగా చూసుకున్నావు తల్లీ" అంది. ఇప్పటికీ ఏ లెక్క కాగితం మీదైనా సంతకం చేసేముందు ఆ చేయి నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది.

ఆరోజు మాప్ ఒక్కటే తప్పిపోలేదు. నా ధైర్యం కూడా తప్పిపోయింది. అందుకే ఇప్పుడు మా దగ్గర శిక్షణకు వచ్చే ఆడపిల్లలకు మొదటి రోజే చెబుతాను: లెక్క కుదరకపోతే ఎంత పెద్ద డాక్టరునైనా ఆపే హక్కు నీకుంది, ఆపవలసిన బాధ్యత కూడా నీదే. మొదలుపెట్టకముందు ఒక లెక్క, మూసేముందు ఒక లెక్క, చర్మం కుట్టేటప్పుడు మరొక లెక్క. ఇద్దరు కలిసి, పైకి వినబడేలా, బోర్డు మీద రాస్తూ లెక్కపెట్టాలి. కుదరకపోతే వెతకాలి. దొరకకపోతే ఎక్స్‌రే తీయాలి. ఆపరేషనులో వాడే మాప్‌లలో ఎక్స్‌రేలో కనబడే దారం ఉండేది ఇందుకే.

పదికి ఎన్ని మార్కులు?

కాన్పు అయిన తల్లులకు ఒక సంగతి గుర్తుండవచ్చు. బిడ్డ పుట్టిన 1 నిమిషానికి, 5 నిమిషాలకు మేము మార్కులు వేస్తాం. రంగు, గుండె వేగం, స్పందన, కండరాల బిగువు, ఊపిరి – ఒక్కొక్కదానికి 2 మార్కుల చొప్పున మొత్తం 10. దీనిని 1952లో రూపొందించినది వర్జీనియా ఆప్గార్ అనే మత్తు వైద్యురాలు. ఆ చిన్న లెక్క వచ్చాక, ఊపిరి అందని బిడ్డను ఊరికే చూస్తూ ఉండే పరిస్థితి పోయింది.

అదే దారిలో ఆపరేషన్ అయిన పెద్దవారికి కూడా 10 మార్కుల పద్ధతిని 2007లో ప్రచురించారు. చూసేవి మూడే: ఎంత రక్తం పోయింది, బి.పి. ఎంత కిందికి దిగింది, గుండె వేగం ఎంతవరకు తగ్గి నిలకడగా ఉంది. మార్కులు తక్కువ వచ్చిన రోగిని ఆ రాత్రి మరింత దగ్గరగా కనిపెట్టాలి. మరి పోయిన రక్తాన్ని ఎలా కొలుస్తాం? సక్షన్ సీసాలో ఎంత చేరిందో చూస్తాం. తడిసిన గుడ్డలను తూచి, పొడి గుడ్డల బరువు తీసేస్తాం. ఒక గ్రాము బరువు పెరిగితే దాదాపు ఒక మిల్లీలీటరు రక్తం. కంటి అంచనా మోసం చేస్తుంది, తూకం చేయదు.

ఆపరేషన్ తరువాత

థియేటర్ పక్క గదిలో రోగిని కొంతసేపు ఉంచుకుంటే, "ఏదో దాస్తున్నారు" అని బంధువులు కంగారుపడతారు. అక్కడ మేము మరో లెక్క వేస్తున్నాం. చేతులు కాళ్ళు కదుపుతున్నారా, ఊపిరి బాగా తీస్తున్నారా, బి.పి. ఎలా ఉంది, పిలిస్తే పలుకుతున్నారా, ఆక్సిజన్ ఎంత ఉంది? ఆల్డ్రెటి అనే మత్తు వైద్యుడు చెప్పిన ఈ పద్ధతిలో పదికి 9 వస్తే వార్డుకు పంపవచ్చు.

వార్డులో మొదట పావుగంటకొకసారి, తరువాత అరగంటకు, ఆ తరువాత గంటకొకసారి నాడి, బి.పి., ఊపిరి, ఆక్సిజన్ చూస్తాం. "నిద్రపోనివ్వండి సిస్టర్, పొద్దున్న చూడవచ్చు" అని కొందరు అంటారు. లోపల రక్తస్రావం మొదలైతే బి.పి. పడిపోకముందే సాధారణంగా నాడి వేగం పెరుగుతుంది. ఆ పెరుగుదల నిద్రపోతున్న రోగి ముఖంలో కనబడదు, చార్టులో కనబడుతుంది. మూత్రం ఎంత వచ్చిందని అడిగేది కూడా ఇందుకే. పెద్దవారికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. దయచేసి మాకు చెప్పకుండా మూత్రం సంచి ఖాళీ చేయకండి.

ముప్పై రోజుల లెక్క

ఇక మీరు లేకుండా మేము కొలవలేని కొలత ఒకటి ఉంది. గాయం చీము పట్టడాన్ని సాధారణంగా 30 రోజుల వరకు లెక్కలోకి తీసుకోవాలి. కీలు మార్పిడి వంటి ఆపరేషన్లలో లోపల ఏదైనా అమర్చితే 90 రోజులు. కానీ చాలామంది వారం లోపే ఇంటికి వెళ్ళిపోతారు.

ఉదాహరణకు ఒక నెలలో 50 ఆపరేషన్లు జరిగి, 2 గాయాలకు చీము పట్టిందనుకుందాం. నూటికి 4 అని రాస్తాం. కానీ ఆ 50 మందిలో 20 మంది తిరిగి రాకపోతే? వాళ్ళు క్షేమంగా ఉన్నారో, ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గర కట్టు కట్టించుకుంటున్నారో మాకు తెలియదు. అప్పుడు ఆ 4 నిజమైన అంకె కాదు. అందుకే, "మా దగ్గర ఇన్ఫెక్షన్లే లేవు" అని ఏ ఆసుపత్రి చెప్పినా, "ఎన్ని రోజుల వరకు చూశారు? ఎంతమందిని చూశారు?" అని అడగండి. సరిగ్గా లెక్కపెట్టడం మొదలుపెట్టిన ఆసుపత్రిలో మొదట అంకె పెరగవచ్చు. అది సిగ్గుపడవలసిన విషయం కాదు. తప్పిపోయిన గొర్రె కనబడింది అంతే.

చీము పట్టినందుకు మేము నొచ్చుకుంటామని గాని, కోప్పడతామని గాని అనుకుని కొందరు చెప్పరు. అలా దాచకండి. మీరు తెచ్చే ఆ కబురు మీ తరువాత అదే టేబుల్ మీద పడుకునే మనిషిని కాపాడుతుంది.

ఇంటివారు చేయవలసినవి

1. చేతి పట్టీ మీద పేరు, వయసు సరిగ్గా ఉన్నాయో మీరే చదవండి. ఒకే పేరుతో ఇద్దరు ఉండవచ్చు.

2. ఎవరు ఎన్నిసార్లు అడిగినా పేరు, ఏ పక్క ఆపరేషన్ అన్నది చెప్పండి. మాకు తెలియక కాదు, తప్పు జరగకూడదని అడుగుతాం.

3. గతంలో ఏ సూది, ఏ మాత్ర పడలేదో కాగితం మీద రాసి తీసుకురండి. వాడుతున్న మందులను చీటీతో సహా తెండి. మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు.

4. గాయం ముట్టుకోకముందు చేతులు కడుక్కోమని డాక్టరుకైనా, సిస్టరుకైనా చెప్పండి. మేము బాధపడం.

5. డిశ్చార్జి అయ్యాక గాయం ఎర్రబడినా, వాచినా, చీము లేక దుర్వాసన వచ్చినా, కుట్లు విడినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, నొప్పి తగ్గుతూ వచ్చి మళ్ళీ పెరిగినా వెంటనే రండి. పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఆయాసం వచ్చినా ఒక్క గంట కూడా ఆగవద్దు.

6. గాయానికి పసుపు, పసరు, బూడిద పెట్టకండి. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందన్నది నిజం కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప పప్పు, గుడ్డు, పాలు, చేపలు పెట్టండి.

7. ముప్పైవ రోజున బాగున్నా సరే, ఒక్కసారి కనబడండి. రాలేకపోతే ఫోన్ చేసి "గాయం మానింది" అని ఒక్క మాట చెప్పండి. సంఘ పెద్దలు, స్త్రీల సమాజపు అక్కలు ఇంటి ప్రార్థనలకు వెళ్ళినప్పుడు ఆపరేషన్ అయినవారిని ఈ మాట అడిగితే అది గొప్ప పరిచర్య.

ప్రియులారా, థియేటర్‌లోకి వెళ్ళేముందు మేము ప్రార్థన చేస్తాం. ప్రార్థన చేశాం కదా అని లెక్కపెట్టడం మానం. లెక్కపెట్టాం కదా అని ప్రార్థన మానం. మన తల వెంట్రుకలు సహితం లెక్కించే దేవుడు మనకున్నాడని నమ్ముతున్నాం. ఆయన పేరు మీద నడిచే ఆసుపత్రిలో ఒక చిన్న గుడ్డ ముక్క లెక్క తప్పకూడదు, మీలో ఒక్కరి లెక్క కూడా తప్పకూడదు.

ఈసారి "ఆపరేషన్ బాగా జరిగిందా, సిస్టర్?" అని మీరు అడిగినప్పుడు, "ఇంతవరకు బాగానే జరిగింది. మిగతాది ముప్పై రోజుల తరువాత మీరే మాకు చెప్పాలి" అంటాను. అప్పుడు నొచ్చుకోకుండా, తేదీ గుర్తుపెట్టుకుని రండి. మీకోసం ఎదురుచూస్తూ ఉంటాం.

దేవుడు మిమ్మల్ని, మీ కుటుంబాలను ఆరోగ్యంతో ఆశీర్వదించును గాక. ఆమేన్.